అంతులేని మారు వడ్డన: కొరియన్ బార్బెక్యూలో వరస తప్పకుండా తినడం ఎలా?

మన విస్తరిలో పప్పు, కూర, పులుసు, పెరుగు అనే వరస ఉన్నట్లే, కొరియన్ల బల్ల మధ్య వెలిగే పెనం మీద కూడా ఒక వరస ఉంది. తలకు ఇంత అని ఒకే ధర చెల్లించి, కోరినంత మాంసం తెప్పించుకుని, మన చేత్తో మనమే కాల్చుకుని తినే హోటళ్లలో ఆ వరస తెలిసినవారికి దక్కే భోజనం వేరు, తెలియనివారికి దక్కే భోజనం వేరు. కొరియాలో ఇలాంటి హోటళ్లను ‘ముహాన్ రిపిల్’ అంటారు. అంతులేని మారు వడ్డన అని దాని భావం. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కొరియాటౌన్, డల్లాస్ పక్కన క్యారల్టన్, అట్లాంటా పక్కన డులూత్, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో శాంటా క్లారా వంటి చోట్ల ఇవి చాలా ఉన్నాయి. ఈ ఊళ్ల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో నివసిస్తున్నాయి కనుక, ఆఫీసు మిత్రులు పిలిచినప్పుడో పిల్లలు పట్టుబట్టినప్పుడో వీటికి వెళ్లవలసిన సందర్భం మనకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు నలుగురికి ఎనిమిది పళ్లాలు ఒకేసారి తెప్పించుకున్నాము. వాటిలో తీపి పానకం పట్టించిన మాంసాన్ని ముందుగా పెనం మీద వేశాము. పది నిమిషాల్లో పెనం నల్లబడి పొగ కమ్ముకుంది, ఆ తరువాత వేసిన ప్రతి ముక్కకూ మాడు వాసన పట్టింది. చివరికి రెండు పళ్లాలు మిగిలిపోగా వాటికి అదనంగా డబ్బు కట్టి బయటపడ్డాము. ఆ తరువాత చాలాసార్లు వెళ్లి, కొరియన్ మిత్రుల పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను.

ఎవరెవరు వస్తున్నారో ముందుగా ఆలోచించండి

హోటల్ ఎంచుకోవడానికి ముందే చేయవలసిన పని ఇది. ఇలాంటి హోటళ్లలో చాలా వాటికి బల్ల దగ్గర కూర్చున్నవారందరూ ఆ ధర చెల్లించి తీరాలనే నియమం ఉంటుంది. ఒకరు మాత్రం అన్నం, కూరగాయలు తింటామంటే కుదరదు. పూర్తి శాకాహారులైన పెద్దవారిని తీసుకువెళ్తే వారికి పూర్తి ధర పడుతుంది కానీ, కడుపు నిండే తిండి దాదాపు దొరకదు. కిమ్చి అనే అక్కడి కూరగాయల ఊరగాయలో మామూలుగా ఉప్పులో ఊరవేసిన చిన్న రొయ్యలో చేపల సారమో కలుస్తాయి. సోయాబీన్ ముద్దతో కాచే దెన్‌జాంగ్ పులుసుకు ఎండు నెత్తళ్ల రసమే ఆధారం. కుండలో ఆవిరి మీద పొంగించే గుడ్డు వంటకంలో కూడా తరచుగా అదే రసం పోస్తారు. మొలకల కూరలో సైతం ఒక్కోసారి చేపల సారం చుక్కలు పడతాయి. శాకాహారులు ఉన్న రోజున ఈ హోటల్‌ను మరో రోజుకు వాయిదా వేసుకోవడమే వారికి మనం ఇవ్వగల గౌరవం అని నా అభిప్రాయం.

ఎద్దు మాంసం తిననివారు, పంది మాంసం తిననివారు మన కుటుంబాల్లో, మన స్నేహితుల్లో ఉంటారు. వారికి కోడి మాంసం, రొయ్యలు, స్క్విడ్, పుట్టగొడుగులు దొరుకుతాయి కాబట్టి భోజనానికి లోటు ఉండదు. అసలు చిక్కు పెనంతోనే వస్తుంది. ఒకే పెనం మీద అన్నీ కాలితే ఒకదాని కొవ్వు మరొకదానికి అంటుకుంటుంది. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ఆమె ఈ రెండూ తినదు కనుక, ఫోన్ చేసి రెండు పెనాలున్న పెద్ద బల్ల కావాలని ముందుగానే అడిగాము. ఒక పెనం మీద రొయ్యలు, కోడి మాంసం మాత్రమే కాల్చి, దాని పట్టకారును, కత్తెరను ఆమె పక్కనే ఉంచాము. ఆమె నిశ్చింతగా తినగలిగింది. మీరు కూడా ఇలాగే ఫోన్ చేసి అడగండి. హలాల్ పాటించే మిత్రులు ఉంటే మాంసం సంగతితో పాటు, ఊరబెట్టే పానకంలో బియ్యపు సారా కలుపుతారా అని కూడా విచారించాలి, ఎందుకంటే అది కొరియన్ వంటలో సర్వసాధారణం. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, నువ్వుల నూనె దాదాపు అన్నింటిలోనూ పడుతుంది. కాబట్టి ఈ రెండూ పడనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వేళ, బట్టలు, నియమాలు

మధ్యాహ్నం ధర రాత్రి ధర కంటే తక్కువగా ఉంటుంది, కొన్ని ఖరీదైన రకాలు మాత్రం రాత్రి పూటే ఇస్తారు. మొదటిసారి వెళ్లేవారికి పని రోజున మధ్యాహ్నమే మంచిది. రద్దీ ఉండదు, సర్వర్‌కు మీతో మాట్లాడే తీరిక ఉంటుంది. శని, ఆదివారాల సాయంత్రాల్లో గంటకు పైగా నిలబడవలసి రావచ్చు. పట్టుచీరలు, ఉన్ని కోట్లు వేసుకుని వెళ్లకండి. పొగ గొట్టాలు ఎంత బాగా పీల్చినా మాంసపు వాసన బట్టలకు పట్టుకుంటుంది. ఉతికితే పోయే నూలు బట్టలు వేసుకుని, పొడవాటి జుట్టు ఉన్నవారు ముడి వేసుకుని, చలికోటును కారులోనే వదిలి వెళ్లండి. కొరియాలో చాలా హోటళ్లలో కూర్చునే పీట మూత ఎత్తి కోటు లోపల దాచుకునే ఏర్పాటు ఉంటుంది.

కూర్చోగానే మెనూ కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉన్న నియమాలను చదవండి. సాధారణంగా గంటన్నర నుంచి రెండు గంటల గడువు ఉంటుంది. ముగియడానికి ఇరవై ముప్ఫై నిమిషాల ముందే చివరి ఆర్డర్ తీసుకుంటారు. ఒక విడతకు ఇన్ని పళ్లాలే అనే పరిమితి ఉంటుంది. వండకుండానో తినకుండానో వదిలేసిన మాంసానికి తూకం ప్రకారం అదనపు రుసుము వేస్తారు, మిగిలినది ఇంటికి కట్టి ఇవ్వరు. పిల్లలకు వయసును బట్టో ఎత్తును బట్టో ధర తగ్గుతుంది. శీతల పానీయాలు, మద్యం చాలా చోట్ల ఆ ధరలో కలవవు. ఈ నియమాలు చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది, చివర్లో వచ్చే గొడవ అంతా దానితో తప్పుతుంది.

చిన్నపిల్లలను పెనానికి దూరంగా, గోడ వైపు కూర్చోబెట్టండి. పెనం చుట్టూ ఉండే లోహపు అంచు కూడా చేయి కాలేంత వేడెక్కుతుంది, అది చూడటానికి మామూలుగానే కనిపిస్తుంది.

మొదటి విడత: పలుచనివి, మసాలా పట్టించనివి

ఆర్డర్ ఇచ్చిన కాసేపటికి చిన్న చిన్న గిన్నెల్లో కిమ్చి, మొలకల కూర, ముల్లంగి ఊరగాయ, బంగాళాదుంప సలాడ్ వంటివి వచ్చి బల్ల నిండుతుంది. వీటిని ‘బంచన్’ అంటారు. మన విస్తరి అంచున వడ్డించే పచ్చళ్లూ వేపుళ్లూ ఎలాంటివో ఇవీ అలాంటివే. నడుమ నడుమ నంజుకోవడానికే కానీ ముందే తిని ముగించడానికి కాదు. అయిపోతే మళ్లీ అడగవచ్చు, అందుకు వేరే డబ్బు తీసుకోరు.

నలుగురు ఉంటే మొదటి విడతకు మూడు పళ్లాలు చాలు. ఆకలి మీద ఉన్నప్పుడు ఎక్కువ చెప్పాలనిపిస్తుంది, కానీ మారు వడ్డన ఎలాగూ ఉంది కనుక తొందర అవసరం లేదు. కాగితం అంత పలుచగా చుట్టలు చుట్టి తెచ్చే ‘చాడోల్‌బేగి’ అనే ఎద్దు రొమ్ము మాంసం (బీఫ్ బ్రిస్కెట్), పొరలు పొరలుగా ఉండే ‘సంగ్యోప్‌సాల్’ అనే పంది పొట్ట మాంసం, వీటికి తోడు ఒక పళ్లెం పుట్టగొడుగులు, ఉల్లిపాయలు అడగండి. సంగ్యోప్‌సాల్ అంటే మూడు పొరల మాంసం అని అర్థం. కొరియాలో ప్రతి ఏడాది మార్చి 3వ తేదీని ఆ మాంసం పేరనే జరుపుకుంటారు, మూడో నెల మూడో రోజు అనే లెక్కతో. ఇవి తిననివారు ఉప్పు మాత్రమే చల్లిన రొయ్యలతో, ఏ మసాలా పట్టించని కోడి మాంసంతో మొదలుపెట్టవచ్చు.

ముందు వీటినే ఎందుకు వేయాలంటే, మసాలా పట్టించని మాంసంలో చక్కెర ఉండదు కాబట్టి పెనం మాడదు. పైగా వాటి కొవ్వు కరిగి పెనానికి పూతలా పట్టి, తరువాత వేసేవి అంటుకోకుండా కాపాడుతుంది. మన ఇళ్లలో కొత్త అట్ల పెనాన్ని నూనె రాసి, కాచి, లొంగదీస్తారు కదా, ఇది దాదాపు అలాంటి పనే.

పెనం దగ్గర కూర్చున్నవారి పని

ఒక బల్లకు ఒకరే పెనం బాధ్యత తీసుకోవాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి తిప్పుతుంటే ఏది ఎంత కాలిందో ఎవరికీ తెలియదు. కొరియన్ల ఇళ్లలో సాధారణంగా వయసులో చిన్నవారు ఆ పని చేస్తారు, కాలిన మొదటి ముక్కను పెద్దవారి పళ్లెంలో వేస్తారు. పెద్దలు చెంచా ఎత్తేవరకు చిన్నవారు తినడం మొదలుపెట్టరు. మన పంక్తి మర్యాద తెలిసినవారికి ఇది ఎంతో దగ్గరగా తోస్తుంది.

పెనం బాగా వేడెక్కాకే మాంసం వేయండి. ఒక చిన్న ముక్క వేసి చూస్తే చుయ్యిమనాలి. పెనం నిండా పరచకుండా ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీ ఉంచండి, లేకపోతే నీరు ఊరి మాంసం కాలకుండా ఉడికిపోతుంది. చాడోల్‌బేగి ఒక్కో వైపు అర నిమిషం లోపే రంగు మారుతుంది, అప్పుడే తీసి వెంటనే తినాలి. సంగ్యోప్‌సాల్‌ను మాత్రం ఓపికగా, ఒక వైపు బంగారు రంగు వచ్చేవరకు కదపకుండా ఉంచి, తిప్పి, రెండో వైపు కూడా గట్టిపడ్డాక కత్తెరతో నోటికి సరిపడే ముక్కలుగా కోసి, ఆ కోసిన అంచులను కూడా కాల్చాలి. వంటకు కత్తెర వాడటం మనకు కొత్తగా అనిపించవచ్చు కానీ, వేడి పెనం మీద కత్తి కంటే అదే సులువైన సాధనం. పెనం ఏటవాలుగా ఉంటే కొవ్వు జారి వచ్చే దిగువ అంచున కిమ్చి ముక్కలు, వెల్లుల్లి రేకలు పెట్టండి. ఆ కొవ్వులో వేగిన కిమ్చికి వచ్చే పులుపు, కమ్మదనం కలిసిన రుచి ఈ భోజనం మొత్తంలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది.

పచ్చి మాంసానికి ఒక పట్టకారు, కాలినదానికి మరొకటి ఉండాలి. ఒకటే ఇస్తే రెండోది అడిగి తెప్పించుకోండి. పచ్చి మాంసం ముట్టిన చాప్‌స్టిక్‌లను నోట్లో పెట్టుకోకూడదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పిన ప్రకారం కోడి మాంసం లోపలి వేడి 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరాలి, ముక్కలుగా ఉన్న పంది, ఎద్దు మాంసాలు 145 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు ఆగాలి. బల్ల దగ్గర ఎవరూ ఉష్ణమాపకం పట్టుకుని కూర్చోరు కనుక, కోడి ముక్కలలో అన్నింటికంటే మందమైనదాన్ని కత్తెరతో కోసి, నడుమ ఎక్కడా గులాబి రంగు లేదని చూశాకే వడ్డించండి. రొయ్య పూర్తిగా తెల్లగా, ఎర్ర చారలతో, లోపల గాజులా మెరవకుండా ఉంటే కాలినట్లే.

కొవ్వు కారి మంట పైకి లేస్తే కంగారుపడి నీళ్లు చల్లకండి. మండే నూనె మీద నీరు పడితే మంట ఎగజిమ్ముతుంది. మాంసాన్ని పక్కకు జరిపి, మంట తగ్గించి, సర్వర్‌ను పిలవండి.

ఆకులో చుట్టి, ఒకే ముద్దగా

కాలిన ముక్కను అలాగే తినవచ్చు. కానీ ఆకులో చుట్టుకుని తినడంలోనే ఈ భోజనం నిండుతనం ఉంది. దీన్ని ‘స్సామ్’ అంటారు. అరచేతిలో ఒక లెట్యూస్ ఆకు, దాని మీద దొరికితే ఒక పెరిల్లా ఆకు పరచండి. పెరిల్లాకు తులసిని, సోంపును తలపించే ఘాటైన వాసన ఉంటుంది. దాని మీద మాంసం ముక్క, వేగిన వెల్లుల్లి, కాస్త కిమ్చి, ‘స్సంజాంగ్’ అనే ముద్ద చిటికెడు పెట్టండి. సోయాబీన్ ముద్దను, ఎర్ర మిరప ముద్దను కలిపి చేసే ఆ స్సంజాంగ్ ఉప్పగా ఉంటుంది కనుక శనగగింజంత చాలు. తరువాత కిళ్లీ మడిచినట్లు అంచులు లోపలికి మడిచి, మొత్తాన్ని ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే లోపలివి జారిపోతాయి, రుచులు విడిపోతాయి. కాబట్టి కట్టేటప్పుడే చిన్నదిగా కట్టండి. అన్నం ముద్దలో పప్పు, ఆవకాయ, నెయ్యి కలిపి తినే మనకు దీని మర్మం ఎవరూ చెప్పనక్కర లేదు. కొరియన్లు ఇష్టమైనవారికి తమ చేత్తో స్సామ్ కట్టి తినిపిస్తారు, గోరుముద్దలు తిన్నవారికి అదీ అర్థమవుతుంది.

మసాలా లేని మాంసానికి నువ్వుల నూనెలో ఉప్పు కలిపిన గిన్నె కూడా పక్కన ఉంటుంది. చాడోల్‌బేగిని అందులో అంచు ముంచి తినండి. మన నువ్వుల నూనెలా కాకుండా ఇది వేయించిన నువ్వుల నుంచి తీసింది కాబట్టి వాసన చాలా గాఢంగా ఉంటుంది. చాప్‌స్టిక్‌లు చేతకాకపోతే ఫోర్కు అడగడంలో తప్పులేదు. అయితే చాప్‌స్టిక్‌లను అన్నంలో నిలువుగా గుచ్చి ఉంచకండి, అది పితృకార్యాల్లో నైవేద్యాన్ని గుర్తు చేస్తుంది.

రెండో విడత: తీపి, కారం పట్టించినవి

మొదటి పళ్లాలు ఖాళీ అయ్యాక పెనాన్ని మార్చమని అడగండి. పెనం మార్చడం ఈ హోటళ్లలో మామూలు సేవ, దానికి డబ్బు తీసుకోరు, మొహమాటపడవలసిన అవసరం లేదు. చాలా బల్లలకు పిలుపు గంట ఉంటుంది. లేకపోతే చేయి ఎత్తి ‘యోగియో’ అంటే చాలు. ఇక్కడ, ఒకసారి చూడండి అనే అర్థంలో కొరియన్లు మర్యాదగా వాడే మాట అది. పని చేసి వెళ్లేటప్పుడు ‘కంసహమ్నిదా’ అని ధన్యవాదాలు చెప్పండి.

కొత్త పెనం మీద ఇప్పుడు బుల్గోగి, గాల్బి, కారం పట్టించిన కోడి మాంసం రావాలి. ‘బుల్’ అంటే నిప్పు, ‘గోగి’ అంటే మాంసం. సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి, నువ్వుల నూనె, తురిమిన పియర్ పండు కలిపిన పానకంలో ఊరడం వల్ల బుల్గోగి మెత్తగా, తియ్యగా ఉంటుంది. గాల్బి అంటే పక్కటెముక. అమెరికాలో ఎక్కువగా ఎముకకు అడ్డంగా పలుచగా కోసిన రకం వడ్డిస్తారు. ఒక్కో ముక్కలో మూడు చిన్న ఎముకల గుండ్రాలు కనిపిస్తాయి. వీటన్నింటిలో తీపి ఉంటుంది కనుక మంటను సగానికి తగ్గించి, ముక్కలను తరచుగా తిప్పుతూ ఉండాలి. ఊరబెట్టిన పానకాన్ని పళ్లెం నుంచి పెనం మీద పోయకండి, పట్టకారుతో ముక్కను ఎత్తి, కారినదంతా కారనిచ్చి వేయండి. మేము మొదటిసారి మాడ్చుకున్నది ఇక్కడే.

రెండో విడతకు రెండు పళ్లాలు, ఆ తరువాత ఒక్కొక్క పళ్లెం చొప్పున మాత్రమే తెప్పించుకోండి. పెనం మీద చివరి ముక్కలు కాలుతున్నప్పుడు తదుపరి పళ్లెం చెబితే, అది వచ్చేసరికి పెనం ఖాళీ అవుతుంది. ఇష్టమైనదాన్ని మరోసారి తినడమా, కొత్తదాన్ని రుచి చూడటమా అన్నది ఈ దశలోనే తేల్చుకోవాలి. ఎద్దు నాలుక, పేగులు వంటివి తెలియక చెప్పి వదిలేసేవారిని చాలామందిని చూశాను. అడిగి తెలుసుకుని, సగం పళ్లెం దొరుకుతుందేమో కనుక్కోండి. కడుపు నిండిందనే కబురు మెదడుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది, అందుకే ప్రతి పళ్లెం మధ్య ఐదు నిమిషాలు మాట్లాడుకుంటూ ఆగడం అవసరం.

ముగింపు పళ్లెం, బిల్లు

మనం పెరుగన్నంతో ముగించినట్లు కొరియన్లు మాంసం తరువాత ‘నేంగ్‌మ్యోన్’ అనే చల్లని సేమ్యాతో ముగిస్తారు. మంచు ముక్కలు తేలే పుల్లని రసంలో బక్‌వీట్ సేమ్యా, దోసకాయ, పియర్ ముక్కలు, సగం గుడ్డు ఉంటాయి. నిప్పు దగ్గర గంటన్నర కూర్చున్న ఒంటికి అది ఎంతో హాయినిస్తుంది. అయితే ఆ రసాన్ని ఎక్కువగా ఎద్దు మాంసంతో కాస్తారు కనుక ఆ మాంసం తిననివారు దాన్ని తీసుకోకూడదు. వారు తమ పెనం మీద మిగిలిన వెల్లుల్లి, ఉల్లిపాయలతో అన్నాన్ని వేయించుకుని నువ్వుల నూనె చుక్క వేసుకుంటే చక్కగా ఉంటుంది, మా అమ్మ అలాగే ముగించింది. దేనికైనా చివరి ఆర్డర్ గడువు దాటకుండా చూసుకోండి. కొన్ని చోట్ల నేంగ్‌మ్యోన్‌కు వేరే ధర ఉంటుంది.

బిల్లు ఎంత అవుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు డల్లాస్ ప్రాంతంలో తలకు 32 డాలర్ల చొప్పున నలుగురికి 128 డాలర్లు అయిందనుకుంటే, 8.25 శాతం అమ్మకపు పన్ను 10.56 డాలర్లు, 18 శాతం టిప్ 23.04 డాలర్లు కలిపి మొత్తం 161.60 డాలర్లు అవుతుంది. మనమే కాల్చుకున్నాము కదా అని టిప్ తగ్గించడం సరి కాదు. పళ్లాలు మోయడం, పెనాలు మార్చడం, బంచన్ నింపడం వల్ల వారికి మామూలు హోటల్ కంటే ఎక్కువ పనే పడుతుంది. ఆరుగురికి మించి వెళ్తే టిప్‌ను బిల్లులోనే కలిపే చోట్లు ఉన్నాయి కాబట్టి, రెండుసార్లు ఇవ్వకుండా బిల్లును ఒకసారి చదవండి. కొరియాలో తింటున్నట్లయితే టిప్ ఇచ్చే ఆచారమే లేదు. కానీ అక్కడ ముహాన్ రిపిల్ హోటళ్లలో చాలా వాటిలో కనీసం ఇద్దరు ఉంటేనే కూర్చోనిస్తారు.

లేచే ముందు పెనం కింద మంట ఆరిందో లేదో చూసి, పిల్లలను పెనం లేని వైపు నుంచి బయటకు తీసుకురండి. ఇంటికి చేరగానే బట్టలను విడిచి విడిగా ఆరబెట్టండి, అలమారలో పెడితే ఆ వాసన మిగతా బట్టలకూ పాకుతుంది.